మాస్టారు మింగేసిన సగం మాట

మాస్టారు పోయారని మొన్న ఉదయం మా పాత ఊరు సుంగై సుమున్ నుంచి ఫోను వచ్చింది. ఏడుపు ఆగలేదు. ఆయనకు తొంభై దాటాయి, నాకు ఎనభై. అయితే ఏం? ఆయన ముందు నేనింకా బడిపిల్లవాణ్ణే.

రబ్బరు తోట బడిలో ఆయన మేమున్న చిన్న రాజ్యం చరిత్ర చెప్పేవారు. "గొడుగు సుల్తానుది, సంతకం దొరదిరా!" అనేవారు, పేరు ఒకరిది పెత్తనం ఒకరిదని. అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట మింగామా, తొడపాశమే.

అప్పుడు మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ. మా లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె. అడవిలోని తిరుగుబాటువాళ్ళకు మా దగ్గర్నుంచే బియ్యం పోతున్నాయని అనుమానం. పోలీసులొచ్చి నాన్నను మలాయి భాషలో "నీ నెగ్రి ఏది?" అని అడిగారు. నెగ్రి అంటే రాజ్యం. నాన్న చెవికి అది మన నగిరి, అంటే రాజావారి కోట. "మా నగిరి సముద్రానికి అవతలుంది బాబూ" అని గొప్పగా చెప్పేశాడు. పరదేశి అని రాసుకుపోయారు. పరదేశుల్ని ఓడెక్కించేస్తారని తోటంతా గుసగుసలు. ఆ పూట అమ్మ పొయ్యి వెలిగించలేదు.

ఆ సంగతి తేల్చే విచారణకు నాలుగు రోజుల గడువుంది. మాస్టారు నాన్నను మా పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టారు.

"అన్నా, ఇక్కడ రాజెవరంటే ఏటి సెప్తావు?"

"నాకు సదువెక్కడొచ్చు మేష్టారూ!"

"రావాలి లా!" అన్నారు మాస్టారు, మలాయివాళ్ళలా చివర "లా" తగిలించి. "నీ పిల్లలు ఇక్కడే పుట్టినారు."

విచారణలో మాస్టారే దుబాసీ. నేను నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. "ఇక్కడ ఏలేదెవరు?" అన్నాడు దొర. నాన్న పాఠమంతా గడగడా అప్పజెప్పేశాడు.

"గొడుగు సుల్తానుది, సంతకం దొరది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారు మాత్రం తొణక్కుండా ఇంగ్లీషులో, "సుల్తానుగారు అంటున్నాడు" అన్నారు. దొర తలూపి నాన్నను వదిలేశాడు. ఆ సగం మాట మింగబట్టే మా ఇల్లు నిలిచింది.

బయట లారీ నిండా ఓడెక్కించబోయే మనుషులు. మా పక్కింటి చిన్నాన్న కూడా అందులోనే, ఒళ్ళో బట్టల మూటతో.

"మేష్టారూ, ఆ పాటం నాకూ సెప్పకపోయినారా?" అన్నాడు నవ్వబోతూ.

లారీ కదిలింది.

కొన్నేళ్ళకు మెర్దెకా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిందని తోటంతా జెండాలు పట్టుకుని కేకలు. మాస్టారి కోసం వెతికాను. ఇంకా ఎవరూ చేరని ఆ చిన్నాన్న ఇంటి గుమ్మం మీద కూర్చుని, మూసిన తలుపుకేసి తిరిగి, ఆయన మెల్లగా ఆ పాఠం చెబుతున్నారు.