ప్రభుదాసు ఫోన్‌లో మూడు బటన్లు

మేడ్చల్‌లో షేర్ ఆటో నడిపే ప్రభుదాసు, మధ్యాహ్నానికే ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా ఓర్చుకుంటాడు. ఫోన్ తెర అడుగున, వెనక్కి పోవడానికి నొక్కే బటన్‌తో కలిపి మూడు బటన్లు మాత్రం ఉండాల్సిందే. కొడుకు గిడియోన్ సెట్టింగుల్లో వాటిని తీసేసి, అంచు నుంచి వేలు జరిపితే వెనక్కి పోయేలా మార్చాడు.

ఆదివారం చర్చిలో ప్రభుదాసు మైకు ముందు నిలబడి, ఫోన్ చూస్తూ కీర్తన చదువుతున్నాడు. పుస్తకం అలవాటు కొద్దీ వేలు తడి చేసుకుని, అంచు నుంచి పేజీ తిప్పాడు. కీర్తన మాయమై, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న ఆటో ఫొటో వచ్చింది. మళ్లీ తెరిచి తిప్పాడు. మళ్లీ ఆటోనే.

"ఎవడు మార్చమన్నడురా?" మైకులోనే అరిచాడు.

ముందు బెంచీలోంచి గిడియోన్ గొణిగాడు. "ఇప్పుడు అందరు గిట్లనే వాడుతున్నరు నాయినా."

"అందరితోటి నాకేం పని? ఫోన్ నాది, వేలు నాది!"

వెనక బెంచీల్లోని ముసలివాళ్లంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు.