బాక్సింగ్ డే సెలవు

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం బర్కా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో ఉన్నాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగింది. ఒళ్లో రంగు కాగితం చుట్టిన పెట్టె ఉంది.

“మనోళ్లేనా అన్నా? మాది కడప.”

ఆమె అల్ హైల్‌లో ఒక ఇంగ్లండు వాళ్లింట్లో పనిచేస్తోంది. ఆ రోజును బాక్సింగ్ డే అంటారని మేడమ్ చెప్పిందట. పూర్వం వాళ్ల దేశంలో పనివాళ్లు క్రిస్మస్ నాడంతా దొరల ఇళ్లలో చాకిరీ చేసేవారు. మర్నాడు దొరలు పెట్టెలో కానుకలిచ్చి, మీవాళ్లను చూసి రండని పంపేవారు. మేడమ్ ఈమెకూ అలాగే పెట్టె ఇచ్చి, సెలవిచ్చింది.

“మాయక్క బర్కాలో ఒగ ఇంట్లో పనిచేస్తాది. చూసి రెండేండ్లాయె. గేటుకాడనే ఆపినారన్నా. పనుంది, శుక్రవారం రమ్మన్నారు. నాకు శుక్రవారం సెలవు లేదు. అక్క మిద్దె మీద నుంచి చెయ్యి ఊపింది, అంతే.”

“పెట్టెనన్న ఇచ్చి రాకపోయినవా చెల్లె?”

“వాచ్‌మన్ తీసుకోల్యా. పోతానే మేడమ్ అడుగుతాది, మీయక్క బాగుందా అని. మంచి మనిషి. ఏమని చెప్పేది?”

అల్ హైల్ వచ్చినా ఆమె లేవలేదు.

“నీ స్టాపు గదా చెల్లె?”

“సాయంత్రం దాకా సెలవుందన్నా.”

ఘాలాలో నేను దిగిపోయాను. ఆమె ఎక్కడ దిగిందో ఇప్పటికీ తెలియదు.