గుమ్మానికి వేపమండలు

మా అక్కను అప్ప అని పిలిచేవాణ్ణి. ఆమె ఇల్లు ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా ఒక కొబ్బరితోట చివర ఉండేది. ఆ ఊళ్లో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. బావ పోయాక కూతురితో అక్కడే ఉండిపోయింది. పంతొమ్మిది వందల యాభైల్లో ఒక వేసవిలో ఆ పిల్లకు మశూచి సోకిందని కబురొస్తే టెక్కలి నుంచి వెళ్లాను. పత్రికకు వార్తలు రాసే పనిలో కొత్తగా చేరిన రోజులవి. చిన్నప్పుడే టీకా వేయించుకున్నవాణ్ణి కనుక నాకు భయం లేదనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం ఊళ్లో మనిషి అలికిడి లేదు. అమ్మవారు పోసిన ఊళ్లో పోపు పెట్టరు, అందుచేత వంటల వాసన కూడా లేదు. ప్రతి గుమ్మానికీ వేపమండలు వేలాడుతున్నాయి. జీడితోటల అవతల నుంచి సముద్రపు హోరు, ఎవరో ఎగశ్వాస తీస్తున్నట్టు వినిపిస్తోంది. అప్ప వాళ్ల వీధిలో అప్పటికే ఒక పసివాడు పోయాడు.

అప్ప గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. అయితే వాకిట్లో వాడిన వేపమండలు కుప్పగా పడి ఉన్నాయి. రోజూ తెల్లారేసరికి ఎవరో వాటిని తన గుమ్మానికి కట్టిపోతున్నారట. తను తెంపి పారేస్తోందట. ఇది పక్కింటి ముసలామె పనేనని అప్ప నమ్మకం. ఆమెను అప్ప అత్తా అని పిలిచేది.

సాయంత్రం ఆ ముసలామె వచ్చి గుమ్మం బయటే నిలబడింది. ఆమె పిల్లతో మాట్లాడలేదు. పిల్లలో ఎవరున్నారనుకుందో వారితోనే మాట్లాడింది.

“సల్లగా ఎల్లిరా తల్లీ. పసిదాన్నొగ్గెయ్.”

లోపల చీకట్లోంచి పిల్ల గొంతు బొంగురుగా పలికింది.

“నా ముర్రాట ఏదీ?”

ముర్రాటంటే పసుపూ వేపాకూ కలిపిన నీళ్లు. కుండతో తెచ్చి అమ్మవారికి పోసి చల్లబరుస్తారు. ఆ మాట వీధిలో ఆడవాళ్ల నోట పిల్ల విని ఉంటుందని ఇప్పుడనుకుంటాను. అప్పుడు మాత్రం నా ఒళ్లు జలదరించింది.

“ఒక్క సెంబుడు పోత్తే నీ దేవుడికేటి తక్కువైపోద్దే పిల్లా?” అంది ముసలామె.

తను ప్రభువుకు తప్ప ఎవరికీ తల వంచనని అప్ప గట్టిగా చెప్పింది. వీధంతా వినాలన్నట్టు చెప్పింది. ఆ ఊపులోనే వేపమండల సంగతీ ఎత్తి నిలదీసింది.

“కడితే సెప్పి కడతాను గాని, దొంగలాగ కడతానేటి?” అని ముసలామె వెళ్లిపోయింది.

ఆ దొంగెవరో చూద్దామని నేను అరుగు మీద పడుకుని, వేకువకు ముందే లేచి కొబ్బరికాయల రాశి వెనక కూర్చున్నాను. కాస్త వెలుగు రాగానే తలుపు తెరుచుకుంది. అప్ప బయటికొచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నా పక్కనుంచే నడిచిపోయింది, నన్ను చూడలేదు. పెరట్లో వేపమండలు విరిచి తెచ్చి, గుమ్మానికి శ్రద్ధగా కట్టి, తలుపు వేసుకుంది. నిద్రలో నడిచేవాళ్లను లేపకూడదంటారని నేను పిలవలేదు.

తెల్లారాక ఆమె మళ్లీ లేచి, వాటిని చూసి ముసలామెను తిట్టడం మొదలుపెట్టింది.

“అప్పా, కడతన్నది నువ్వే,” అన్నాను.

నమ్మలేదు. తర్వాత అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. పిల్లకు జబ్బు చేసినప్పటి నుంచి ఆమెకు సరిగా నిద్రలేదు. అలసట వల్లేనని నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. పిల్ల పక్కన మోకాళ్లూని చేసిన ప్రార్థనలో నిన్నటి గట్టి గొంతు లేదు.

“బయ్యంగా ఉంది ప్రభువా. నా సేతులే నా మాట ఇనడం నేదు. నాను మొయ్యలేను. నువ్వే సూసుకో.”

ఆ మధ్యాహ్నం ముసలామె ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పింది. నిద్రలో తను లేస్తే అడ్డం పడమని అడిగింది. ఆ పని నేను చేయగలిగేవాణ్ణే. నన్ను ఎందుకు అడగలేదో ఆమె చెప్పలేదు.

మర్నాడు వేకువన ముసలామె వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. అప్ప అవే కళ్లతో లేచి వచ్చింది. ముసలామె ఆమె మణికట్టు పట్టుకుంది. నమ్మిన అమ్మవారి ఆకును గుమ్మానికి రానివ్వకుండా ఆపడం ఆమెకెంత కష్టమో, వణుకుతున్న ఆ పెదవులు చెప్పాయి.

“ఎల్లి తొంగో పిల్లా. నీ దేవుడు సూత్తాడు.”

అప్ప చిన్నపిల్లలా తిరిగి వెళ్లి పడుకుంది. ఆ పూట ఎండెక్కేదాకా లేవలేదు.

పిల్ల బతికింది. ముఖం నిండా మచ్చలు మిగిలాయి. పలాస నుంచి వచ్చిన పాస్టరుగారు, శోధనలో ఎలా నిలబడ్డావో సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. ఆదివారం పలాస చర్చిలో అప్ప లేచి నిలబడింది గాని, చెప్పింది రెండు మాటలే.

“నాను నిలబడలేదయ్యగారూ. పడిపోతంటే పట్టుకున్నారు.”

ఎవరని ఆయన అడగలేదు. అప్ప తలమీద కొంగు సర్దుకుని కూర్చుంది.