ఖాళీ జాగా

ఊరి బయట తుప్పలు కొట్టి మొక్కలు నాటి వస్తూ, పవర్ హౌస్ స్టాపులో పారతో బస్సెక్కాను. పక్క సీటు ముసలాయన ఆ పారని అసహ్యంగా చూశాడు.

"అక్కడ గోతులు తవ్వినోళ్ళు మీరేనేటి?"

"అవునండీ. ఖాళీ జాగా కదా, పచ్చగా ఉంటుందని."

"ఖాళీయా? కళ్ళున్నాయేటి నీకు?" అంటూ చేతిరుమాలు విప్పాడు. అందులో మచ్చల పెంకులున్నాయి. "తీతువు పిట్ట గుడ్లివి. అది రాళ్ళ మధ్య నేలమీదే పెడతాది. చూస్తే రాళ్ళనే అనుకుంటారు. తొక్కీసినారు."

సారీ అన్నాను. రుమాలు మళ్ళీ మూటకట్టుకుని, లేచి వెనక సీటుకి వెళ్ళిపోయాడు.

ఆ ఉదయం తీసుకున్న ఫోటోలో పార పట్టుకుని నవ్వుతున్నాను. ఫోన్‌లో అది కనిపించినప్పుడల్లా, నా బూట్ల చుట్టూ ఉన్న రాళ్ళని పెద్దవి చేసి చూస్తాను.