రెండో కుక్కపిల్ల

మొదటి కుక్కపిల్లను ఫోన్లో చూసి ఎంచుకున్నాను. ఎవరిదో వాట్సాప్ స్టేటస్. ప్యూర్ లాబ్రడార్, నలభై అయిదు రోజులు అని ఫొటో కింద రాసి ఉంది. రంగు నచ్చింది, తీసుకున్నాను. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా మనిషిని తిప్పి పంపేంత చాదస్తం నాది. ఆ రోజు మాత్రం జహీరాబాద్ బస్టాండులో ఒకడు బండి మీద వచ్చి అట్టపెట్టె చేతిలో పెడితే, దీని తల్లి ఎక్కడుందని కూడా అడగలేదు.

కుక్కపిల్లకు ఇంకా పళ్ళే సరిగ్గా రాలేదు. నేను వద్దంటున్నా మా పాప దానికి పాలు పోసేది. నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి. ఆరో రోజు పశువుల దవాఖానలో నా చేతుల్లోనే పోయింది. పార్వో, కుక్కపిల్లలకు వచ్చే అంటురోగం అన్నాడు డాక్టరు. టీకా పడలేదనీ, మరీ పసిదాన్ని తల్లి దగ్గర నుంచి తెచ్చేశారనీ, మా ఇంటికి వచ్చేనాటికే రోగం అంటుకుని ఉంటుందనీ విడమరిచి చెప్పాడు. నేను తల ఊపి వచ్చేశాను.

ఇంటి దగ్గర మా పాప గేటు పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి దానికి పదేళ్ళు. తను అడగకముందే నా నోటి నుంచి మాట జారింది.

"పాలు పోయొద్దంటే విన్నవా? సచ్చిపోయింది."

పాప ఏడవలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే తెలియదు చూడండి, మనసు అలా ఉంది. మర్నాడు నిజం చెబుదామనుకున్నాను. మర్నాడు షాపులో రద్దీ. ఆ తర్వాత, ఇప్పుడు చెబితే మొదటే ఎందుకు చెప్పలేదంటుందని ఊరుకున్నాను. అలా నెల దాటిపోయింది.

ఆ నెలలో పాప ఎవరికీ ఏమీ పెట్టడం మానేసింది. పక్కింటి చంటివాడు చెయ్యి చాస్తే, బిస్కెట్టు పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోయేది. "పెడితే ఏమన్న అయితదా ఆంటీ?" అని అడిగేది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను. సిగ్గుతో చావాల్సింది. లోపలికెళ్ళి అన్నం తిన్నాను.

"ఇంకోటి తెస్తే మరిచిపోతది" అంది మా ఆవిడ. నిజమేమిటో తనకూ చెప్పలేదు. ఈసారి నమ్మకమైన చోట తేవాలని నలుగురినీ వాకబు చేశాను. సిర్గాపూర్ నుంచి షాపుకు వచ్చే ఒక టీచరు ఒకావిడ సంగతి చెప్పాడు. జహీరాబాద్‌లో ఉంటుంది, రిటైరైన నర్సు. ఇంట్లో రెండు ఆడ లాబ్రడార్లు ఉన్నాయి. అడిగినవాళ్ళలో సగం మందిని తిట్టి పంపిస్తుందట. ఆ తిట్టడం విన్నాకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

ఆదివారం పాపను తీసుకుని వెళ్ళాను. ఆవిడ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కిటికీలో నుంచి తల్లికుక్కను చూపించింది. పిల్లలు దాని పొట్ట కింద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వరండాలో కుర్చీలు వేసి అడగడం మొదలుపెట్టింది.

"ఇంతకుముందు పెంచిన్రా తమ్మీ?"

"ఒకటి తెచ్చినం. పోయింది."

"ఏమైంది దానికి?"

నేను చెప్పేలోపే పాప అందుకుంది. "నేను పాలు పోసిన ఆంటీ. గందుకే సచ్చిపోయింది."

ఆవిడ పాపను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎన్ని రోజుల పిల్ల, టీకా వేసిందెవరు, ఎన్నో రోజు వాంతులు, రక్తం పడిందా అని రోగి బంధువును అడిగినట్టు వరసగా అడిగింది. అన్నింటికీ ఉన్నదే చెప్పాను.

"పాలు పోస్తే కడుపు చెడుతదేమో గానీ, గిట్ల సావదు బిడ్డా. గది పార్వో. మీ ఇంటికి రాకముందే అంటుకున్నది. నువ్వేం జెయ్యలే."

నా వైపు తిరిగి అంది: "ఇయ్యాల మీకు పిల్లనియ్య. గా రోగం ఇంట్ల నెలలకు నెలలు ఉంటది. వాకిలి, మూలలు బ్లీచింగ్ నీళ్ళతోని కడుగుండ్రి. ఇంకో కుక్క ఈనినంక నేనే ఫోన్ చేస్త."

తిరుగు బస్సులో పాప అడిగింది. "డాడీ, గా రోజు దవాఖానల డాక్టర్ ఏం జెప్పిండు?"

ఇంకో అబద్ధం ఆడేంత ఓపిక కూడా నాలో లేదు. "గిదే జెప్పిండు" అన్నాను.

"గా రోజేనా?"

"గా రోజే."

పాప కిటికీ వైపు తిరిగింది. మర్నాటి నుంచి పక్కింటి చంటివాడికి ఎవరినీ అడగకుండానే బిస్కెట్లు పెట్టింది. ప్రతి ఆదివారం మా ఆవిడతో కలిసి మా వాకిలి బ్లీచింగ్ నీళ్ళతో కడిగింది. బకెట్టు నేను మోస్తానంటే వద్దంది.

ఏడు నెలలకు నర్సమ్మ ఫోన్ చేసింది. పిల్లలకు ఎనిమిది వారాలు నిండాయి, మొదటి టీకా పడింది, వచ్చి చూసుకోమంది. ఆదివారం షాపు మూసి, స్నానం చేసి, చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. పాప, మా ఆవిడ తయారై బయటికొచ్చారు.

"నువ్వొద్దు డాడీ" అంది పాప. గొంతులో కోపం లేదు. "అమ్మతోని పోత. అమ్మయితే ఏదైనా నాకు ఉన్నదున్నట్టు చెప్తది."

సరే అన్నాను. వాళ్ళకు ఆటో దొరికేదాకా నిలబడి, లోపలికొచ్చి చెప్పులు విప్పాను.