కొలత టేపు ముందు ఉపగ్రహ పాఠాలు

మక్తల్‌లో మా పక్కింటి ఖాలా చనిపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. ప్లేటు అక్కడే వదిలేసి బస్సెక్కాను. లంగాలు తొడిగే వయసు నుంచి నా బట్టలన్నీ కుట్టిన మనిషి ఆమె. ఖాలా అంటే పిన్ని అని పిలుపే గానీ, చుట్టరికం ఏమీ లేదు. కానీ ఎవరడిగినా "మా పిల్ల" అనే చెప్పేది.

ఆమె ఎలాంటిదో మీకు తెలియాలంటే నా ఇంటర్న్‌షిప్ సంగతి చెప్పాలి. ఎంటెక్ చివరి ఏడాది, హైదరాబాద్‌లో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. ఉపగ్రహం తానెక్కడుందో, ఎటు తిరిగి ఉందో తెలుసుకుని, కావలసిన వైపు నిలిచేలా చూడడం మా విభాగం పని. రాకెట్ నుంచి విడిపోగానే అది గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడు ఆపే ప్రోగ్రాం నాకిచ్చారు. రాశాను, కంప్యూటర్లో బాగానే పనిచేసింది. కానీ ముగ్గురు పెద్ద ఇంజనీర్ల ముందు వివరించమంటే మొదటి వాక్యం కూడా దాటలేకపోయాను.

"రాసింది బాగుంది. కానీ నువ్వే చెప్పలేని దాన్ని పైకెలా పంపిస్తాం?" అన్నారు మా విభాగం చూసే మేడమ్. నెల గడువిచ్చారు. అప్పుడూ చెప్పలేకపోతే ఇంకొకరి ప్రోగ్రాం వెళ్తుంది.

ఏడుపు ముఖంతో మక్తల్ వచ్చాను. ఖాలా కుట్టడం ఆపి మొత్తం విన్నది.

"గంతేనా? ముగ్గురికే గిట్ల భయపడితే ఎట్ల బేటీ? నా కాడికి దినాం ఎంతమంది ఆడోళ్లు వస్తరు, వాళ్లకు చెప్పు."

"వాళ్లు వింటరా ఖాలా?"

"టేపు నా చేతుల ఉంటది. యాడికి ఉరుకుతరు?"

అలా మొదలైంది. ఆదివారం వచ్చిందంటే నేను మక్తల్‌లో, ఖాలా పక్కనే. జాకెట్టు కొలతల కోసం చేతులెత్తి నిలబడ్డ వాళ్లకు, నక్షత్రాలను చూసి దిక్కు తెలుసుకునే కెమెరా గురించి చెప్పేదాన్ని. లోపల చక్రం ఒకవైపు తిరిగితే ఉపగ్రహం రెండోవైపు తిరుగుతుందని చెప్పేదాన్ని. నా మాట పూర్తి కాకపోతే ఖాలా "జర నిలబడు" అంటూ నడుం మళ్లీ కొలిచేది. ఒకావిడ ఓపికగా చివరిదాకా విని, "మంచిగుంది బిడ్డా. ఇగ చేతులు దించుకోనా?" అంది. ఖాలా నవ్వు ఆపుకోలేక గుండుసూదుల డబ్బా ఒలకబోసింది.

రెండోసారి ఆ ముగ్గురి ముందు నిలబడ్డప్పుడు, వాళ్లంతా చేతులెత్తి కొలతలిస్తున్నట్టు ఊహించుకున్నాను. నవ్వొచ్చింది, దాని వెనకే మాటా వచ్చింది. నా ప్రోగ్రామే పంపిస్తామన్నారు. ఖాలా లేకపోతే నేను ఇప్పటికీ నోరులేని ఇంజనీర్‌నే.

ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు. వానకు గల్లీలో టీవీలు ఆగిపోతే "సెటిలైట్ మా పిల్లదే, పోయి అడుగుర్రి" అని అందరినీ మా ఇంటికి తోలేది. మా బాపు వాళ్లకు చాయ్ పోసి పంపలేక అలసిపోయాడు.

గుండెజబ్బుతో మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నప్పుడు కూడా నర్సుకు నన్ను అట్లాగే పరిచయం చేసింది.

"ఎప్పుడు పోతది పైకి?" అని నన్నడిగింది.

"వచ్చే నెల ఖాలా."

"ఫికర్ చెయ్యకు. మంచిగ తిరుగుతది."

"తిరగొద్దు ఖాలా, ఆగాలె!"

"ఆ, గదే. ఆగుతది."

ఊరందరికీ వినిపించింది కానీ, తాను మాత్రం ఒక్క ముక్కా వినలేదన్నమాట! ఆ క్షణం ఆమె మీద నాకు పట్టరానంత ప్రేమ కలిగింది. నేను ఆమెను చూడడం అదే చివరిసారి.

ఉపగ్రహం పైకి వెళ్లిన రోజే ఖాలా పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన. ఆఫీసులో అడిగి ఊరికొచ్చాను. సాయంత్రం గల్లీ ఆడవాళ్లమంతా వాళ్లింట్లో బిర్యానీ తింటుంటే మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. తిరుగుడు ఆగింది, ఉపగ్రహం నిలకడగా ఉంది. పైకి చదివి వినిపించానో లేదో, ఖాలా కోడలు కేకపెట్టి బయటికి పరుగెత్తింది. ఆమె వెనక అందరం.

మసక చీకట్లో ఒక వెలుగు చుక్క మెల్లగా దక్షిణం వైపు పోతోంది.

"గదే! మన ఖాలా పిల్లది గదే!" అని అరిచారెవరో.

అది బెంగళూరు పోయే విమానం. అందులో ఎవరున్నారో గానీ, మా గల్లీ మొత్తం బిర్యానీ చేతులతోనే వాళ్లకు చెయ్యి ఊపింది. అందరికంటే గట్టిగా ఊపింది నేనే.