ఆరింటి సూది

మా కుక్కకు షుగరు ఉందని ముందు కనిపెట్టింది చీమలు. పెరట్లో అది ఉచ్చ పోసిన చోటల్లా ఎర్రచీమలు బారులు కట్టేవి. అప్పటికే కొన్నాళ్ళుగా అది ఎన్ని నీళ్ళు పోసినా తాగేస్తోంది, ఎంత పెట్టినా తింటోంది, అయినా డొక్కలు ఎండుకుపోతున్నాయి. ఎండలు ముదిరాయి కదా, అందుకేలే అనుకున్నాను నేను. అత్తయ్య ఒకరోజు పొద్దున చీపురు పట్టుకుని చీమల బారు ముందు నిలబడి, "దీనికి షుగరే అమ్మాయ్. మీ మామయ్యగారికీ ఇట్లాగే మొదలైంది" అన్నారు. కుక్కకు షుగరేంటని నేనూ మా ఆయనా తెగ నవ్వాం.

ఆ నవ్వు నందిగామలో పశువుల డాక్టరుగారి బల్ల దగ్గర ఆగిపోయింది. మా కిరాణా కొట్టు సరుకు దించే ట్రాలీ ఆటోలో, కందిపప్పు బస్తాల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళాం దాన్ని. బయట గేదెలు వరసలో ఉన్నాయి. వాటి వెనక మేం. డాక్టరుగారు చెవి చివర పొడిచి, రక్తపు బొట్టు మిషన్లో పెట్టి చూసి, తల పంకించారు.

"రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పడాలండి. పన్నెండు గంటల తేడా ఉండాలి. ముందు తినాలి, తిన్నాక సూది. తినకపోతే సూది లేదు. ఇది బతికినన్నాళ్ళూ అంతే."

"బతికినన్నాళ్ళూ అంటే ఎన్నాళ్ళండీ?" అని మా ఆయన అడిగారు. వ్యాపారస్తుడు కదా, గడువు చెప్పందే ఏ సరుకూ ఎత్తరు.

"సూది సక్రమంగా పడితే చాన్నాళ్ళు. పడకపోతే ఈ ఎండాకాలం దాటదు."

తిరిగొచ్చేటప్పుడు చిల్లకల్లు దాటాక అది నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. అది ఊరకుక్కే. ఏళ్ళ కిందట ఒక వానకు మా అరుగు ఎక్కింది, మళ్ళీ దిగలేదు. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అంత మాత్రం నాకు ఆ ఆటోలోనే తెలిసిపోయింది.

పొద్దున ఆరింటికి నేను వేస్తాను, సరే. మరి సాయంత్రం ఆరింటికి? నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పదో తరగతికి స్పెషల్ క్లాసులయ్యి, బస్సు దొరికి, జగ్గయ్యపేటలో ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. మా ఆయన రాత్రిగ్గానీ కొట్టు కట్టరు. పైగా సూది చూస్తే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. ఇక మిగిలింది అత్తయ్య.

అత్తయ్య కుక్కను గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. పొద్దున్నే మడి కట్టుకున్నాక దాని వెంట్రుక తగిలినా మళ్ళీ స్నానం. దానికి మేం పెట్టిన పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. "ఏమేవ్" అనేవారు. అది కూడా మేము పేరు పెట్టి పిలిస్తే ఒక చెవి ఎత్తేది, ఆవిడ "ఏమేవ్" అంటే లేచి వెళ్ళేది. అందుకని అడగడానికి నేను జంకుతుంటే, ఆవిడే అడిగారు. "ఎట్లా పొడవాలో చూపించు. నేనేమన్నా చిన్నపిల్లనా?"

చూపించాను. సీసాను గిలక్కొట్టకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి అని చెప్పేలోపే ఆవిడ దీపానికి వత్తి చేసినట్టు దొర్లించేశారు. మెడ వెనక చర్మం పైకెత్తి, ఆ మడతలోకి సూది దించడం నాకంటే నిదానంగా చేశారు. సీసాను మాత్రం ఫ్రిజ్‌లో దేవుడి పూల పక్కన పెట్టనివ్వలేదు. దానికో స్టీలు డబ్బా ఇచ్చి, కింద అరలో కూరగాయల దగ్గర చోటు చూపించారు.

వీధిలో అందరికీ ఇదొక వేడుక అయింది. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు ఇన్సులినా!" అని ఒకరు, "అది అడిగిందా మిమ్మల్ని?" అని ఇంకొకరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో. నాకసలే ముక్కు మీద ఉంటుంది కోపం. ఒకరిద్దరికి సమాధానం చెప్పాను కూడా. తరవాత వాళ్ళు నన్ను వదిలేసి మా ఆయన్ని పట్టుకున్నారు, కొట్టుకొచ్చి పప్పు బేరం చేస్తూ.

ఎండాకాలం దాటింది. వానాకాలమూ దాటింది. కుక్క డొక్కలు పూడాయి. ఒక కంట్లో పొర వచ్చింది గానీ, నేను వీధి మలుపు తిరగ్గానే గేటు దగ్గరికొచ్చి తోక ఊపేది. డాక్టరుగారు సంతోషించారు. నేనూ నిశ్చింతగా పాఠాలు చెప్పుకుంటున్నాను.

దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ దానికి ఏదో తేడా చేసింది. నేను వచ్చేసరికి గేటు దగ్గర ఉండేది కాదు, అరుగు మీద నీరసంగా పడి ఉండేది. కాసేపయ్యాక గానీ లేచేది కాదు. ముసలిది అయిపోతోందని మా ఆయన అన్నారు. నాకూ అదే అనిపించింది.

కార్తీకమాసం వచ్చింది. ఒక సోమవారం నేను గేటు తీసేసరికి అత్తయ్య అప్పుడే శివాలయం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. కుక్క అరుగు కింద పడి ఉంది. పిలిస్తే లేవబోయింది. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు జారిపోయాయి. తల వణుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు నా మీద లేదు. బ్యాగు అక్కడే పడేసి డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"సూది ఎప్పుడు వేశారు?" అన్నారాయన.

నేను అత్తయ్య వైపు చూశాను. "అయిదింటికేగా" అన్నారావిడ, రోజూ అంతే అన్నట్టు.

"తిండి?"

"ఇంకా పెట్టలేదండి. చుక్క చూసి ఇప్పుడేగా గుడి నుంచి వచ్చాను" అని ఆవిడే ఫోన్‌కు వినపడేట్టు చెప్పారు.

అవతల డాక్టరుగారు "తేనె ఉందా అమ్మా? లేకపోతే పంచదార నీళ్ళు. చిగుళ్ళకు పులమండి, త్వరగా" అన్నారు.

నేను వంటింట్లోకి పరిగెత్తి తేనె కోసం డబ్బాలు తడుముతుండగానే, అత్తయ్య పూజగదిలోంచి అభిషేకం తేనె సీసా పట్టుకుని బయటికెళ్ళిపోయారు. నేను వెనక్కి వచ్చేసరికి పట్టుచీరతోనే మట్టిలో చతికిలబడి, కుక్క మూతి ఒళ్ళో పెట్టుకుని, వేలితో తేనె తీసి దాని చిగుళ్ళకు రాస్తున్నారు. పొద్దుట్నుంచీ ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "ఏమేవ్, చప్పరించవే. ఏమేవ్" అంటున్నారు. కాసేపటికి నాలుక కదిలింది. ఇంకాసేపటికి ఆవిడ వేలు నాకింది. తల వణుకు ఆగి, చూపు నా మీదికి వచ్చింది.

అప్పుడు వచ్చింది నాకు కోపం.

"కార్తీక సోమవారం ఉపవాసం కుక్కతో కూడా చేయించారా అత్తయ్యా? మీకు పుణ్యం, దాని ప్రాణానికి ముప్పు! డాక్టరుగారు ముందు తిండి, తరవాత సూది అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా!"

ఆవిడ కొంగుతో వేళ్ళు తుడుచుకున్నారు. తరవాత నింపాదిగా చెప్పుకొచ్చారు. ఎండాకాలంలో ఆరంటే ఇంకా పొద్దుంది, ఏ ఇబ్బందీ లేదు. దసరా అయ్యాక ఆరు గంటలకు దీపాలు పెట్టే వేళ దాటిపోతోంది. మా వైపు దీపాలు పెట్టాక సూది ముట్టరు. పక్కింటివాళ్ళు అడిగినా ఇవ్వరు, కొట్లో అమ్మరు. మా సొంత కొట్లోనే అమ్మరు. అందుకని ఆవిడ సూదిని కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ వచ్చారు. అసురసంధ్య వేళ ఎవరూ తినకూడదు కాబట్టి, తిండిని చీకటి పడిందాకా వెనక్కి జరిపారు. మామయ్యగారు కూడా షుగరు బిళ్ళలు అన్నానికి ముందే వేసుకునేవారు గదా అనుకున్నారు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చింది. సోమవారం గుడికి వెళ్ళొచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. అంతే.

"సూది తియ్యకూడదని మా అత్తగారు చెప్పింది. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు" అన్నారు.

ఇంట్లో ఎవరికీ ఆ పూట అన్నం సయించలేదు. "ముసలిదయిపోయింది, ఇక దాని మానాన దాన్ని వదిలెయ్యండి. అమ్మతో ఈ వయసులో కానిపనులు చేయించకు" అన్నారు మా ఆయన. కోపంతో కాదు, భయంతో. ఆవిడ నమ్మకాన్ని వదులుకోమనడానికి నేనెవర్ని? "అలాగని కుక్కను చావనిస్తామా?" అని మాత్రం అన్నాను. అత్తయ్య మా ఇద్దరి మాటలూ విని లోపలికెళ్ళిపోయారు.

మర్నాడు డాక్టరుగారు మోతాదు కాస్త తగ్గించారు. స్కూల్లో స్పెషల్ క్లాసులు మానుకుంటానంటే, పరీక్షల ముందు కుదరదన్నారు. ఎలాగో బతిమాలి, ఆ ఒక్క సాయంత్రానికి ముందుగా బయటపడ్డాను. బస్సు చిల్లకల్లు దాటేటప్పటికే ఊళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆవిడ మళ్ళీ అయిదింటికే వేసి ఉంటే? అసలు వెయ్యనే వెయ్యకపోతే? బస్సు దిగి గబగబా నడుస్తూ వీధి మలుపు తిరిగాను.

వీధంతా దీపాలు. ప్రతి గడప ముందూ, ప్రతి తులసికోట దగ్గరా ప్రమిదలు వెలుగుతున్నాయి. మా ఇల్లొక్కటే చీకటిగా ఉంది.

కార్తీకమాసంలో సందెవేళ దీపం లేని ఇల్లంటే మా వైపు ఒకటే అర్థం. నేను కోడలిగా ఈ ఇంటికొచ్చాక మామయ్యగారు పోయినప్పుడు తప్ప అత్తయ్య సందెదీపం మానలేదు. కుక్క పోయిందనుకున్నాను. కుక్క పోతే ఆవిడ దీపం మానరని తట్టలేదు. ఆవిడకే ఏమన్నా అయిందేమోనని ఆ తరవాత తట్టింది. పరిగెత్తాను.

ఎదురింటావిడ అప్పటికే మా గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ చేతిలో ఇంకా అగ్గిపెట్టె ఉంది. "పిన్నిగారూ, అందరం పెట్టేశాం. మీరింకా దీపం పెట్టలేదేంటండీ? ఒంట్లో బాగానే ఉందా?"

అత్తయ్య అరుగు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నూనె పోసి వత్తి వేసిన ప్రమిద ఒక పక్క, ఇన్సులిన్ స్టీలు డబ్బా ఇంకో పక్క. ముందు కుక్క గిన్నె. అది మూతి లోపల పెట్టి తాపీగా తింటోంది, దానికేం తొందర లేదు.

"మా ఇంట్లో ఇంకా పొద్దుగూకలేదమ్మా. దాన్ని తిననీ" అన్నారు.

ఎదురింటావిడ నా వైపు చూసింది. నేను గేటు పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాను, సిగ్గు లేకుండా.

కుక్క గిన్నె అడుగు నాకే దాకా అత్తయ్య ఆగారు. సీసాను అరచేతుల మధ్య దొర్లించి, మెడ వెనక చర్మం ఎత్తి, సూది దించారు. చేతులు కడుక్కున్నారు. అప్పుడు దీపం పెట్టారు.